పనుల వరుస తేల్చడం ఎలా: సంస్థల్లో, ప్రాజెక్టుల్లో ప్రాధాన్యాలు నిర్ణయించే పద్ధతి

2014 జూలై 8న లోక్‌సభలో రైల్వే బడ్జెట్ ప్రవేశపెడుతూ అప్పటి రైల్వే మంత్రి సదానంద గౌడ ఒక లెక్క సభ ముందుంచారు. అంతకుముందు ముప్పై ఏళ్లలో రూ.1,57,883 కోట్ల విలువైన 676 ప్రాజెక్టులు మంజూరయ్యాయి. వాటిలో పూర్తయినవి 317. మిగిలిన 359 పూర్తి కావాలంటే ఇంకా రూ.1,82,000 కోట్లు కావాలి. అంటే దాదాపు సగం ప్రాజెక్టులు పూర్తయ్యాక కూడా, మిగిలిన వాటికి కావలసిన సొమ్ము అన్నింటి మొదటి విలువనూ మించిపోయింది. గడిచిన పదేళ్లలో మంజూరైన 99 కొత్త లైన్లలో పూర్తయింది ఒక్కటే. ఈ అంకెల వెనక మనకు తెలిసిన ఊళ్లు కూడా ఉన్నాయి. 1996-97లో మంజూరైన 123 కిలోమీటర్ల లైను మీద నంద్యాల నుంచి ఎర్రగుంట్ల దాకా రైలు నడవడానికి 2016 వరకు ఆగవలసి వచ్చింది.

ఆ ప్రాజెక్టులలో దేన్ని విడిగా తీసుకుని 'ఇది అవసరమా' అని అడిగినా, 'అవసరమే' అని చెప్పేవారు ఒక జిల్లా నిండా దొరుకుతారు. చిన్న సంస్థల్లోనూ జరిగేది ఇదే. మంచి పనులన్నీ మొదలవుతాయి, ఉన్న డబ్బూ ఉన్న మనుషులూ అన్నింటికీ తలా కాస్త పంచబడతారు, ఏదీ సమయానికి పూర్తి కాదు. ప్రాధాన్యం తేల్చడమంటే ఏది ముందు, ఏది తరవాత, ఏది ఇప్పట్లో వద్దు అనే వరుస కట్టడం. ఆ వరుస కోరికల నుంచి కాకుండా మన సామర్థ్యం లెక్క నుంచి మొదలైతేనే నిలబడుతుందని ఇన్నేళ్ల ఉద్యోగంలో నేను గట్టిగా నమ్మిన విషయం. ఈ వ్యాసంలోని అడుగులన్నీ ఆ నమ్మకం మీదే నడుస్తాయి.

నా ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం ఆసుపత్రుల పరిపాలనలో గడిచింది కాబట్టి, ఒక పట్టణంలోని 60 పడకల ఆసుపత్రిని ఉదాహరణగా తీసుకుంటున్నాను. అంకెలు లెక్క అర్థం కావడానికి నేను వేసుకున్నవి. సాఫ్ట్‌వేర్ బృందమైనా, సహకార సంఘమైనా, పాఠశాల యాజమాన్యమైనా తమ పనులను వీటి స్థానంలో పెట్టుకోవచ్చు.

మొదటి అడుగు: చేతిలో ఎంత సమయం ఉందో లెక్కించండి

చాలా సంస్థల్లో ముందు పనుల జాబితా రాసి, ఆ తరవాత మనుషుల కోసం చూస్తారు. ఈ క్రమాన్ని తిరగేయాలి. మన ఆసుపత్రిలో కొత్త పనులు చేపట్టగల పరిపాలనా బృందంలో నలుగురు ఉన్నారనుకుందాం. నెలకు 26 పనిదినాల చొప్పున మూడు నెలలకు 312 మనిషి-రోజులు (ఒక మనిషి ఒక రోజు చేసే పని ఒక మనిషి-రోజు). అయితే ఆ నలుగురూ ఖాళీగా కూర్చున్నవారు కారు. బిల్లులు, జీతాలు, కొనుగోళ్లు, ఫిర్యాదులు, తనిఖీలకు వచ్చే అధికారులు, ఇలాంటి రోజువారీ పనులకే సుమారు 60 శాతం సమయం పోతుంది. మిగిలేది 125. పండుగలకూ సెలవులకూ 15 తీసేస్తే 110.

ఈ 110 రోజులనూ పనులతో నింపేయడం రెండో పొరపాటు. ముందే తెలియని పనులు వచ్చి తీరతాయి. ఏ పని ఎప్పుడొస్తుందో, దేనికి ఎంతసేపు పడుతుందో తెలియని ఒంటి కౌంటరు క్యూను ఊహించుకోండి. అక్కడి మనిషి సమయంలో 80 శాతం నిండి ఉన్నప్పుడు, వచ్చిన పని తన వంతు కోసం సగటున నాలుగు పనులు పూర్తయ్యేంతసేపు ఆగుతుంది. 90 శాతం నిండితే ఆ నిరీక్షణ తొమ్మిది పనులంత, 95 శాతం నిండితే పందొమ్మిది పనులంత అవుతుందని క్యూల గణితం చెబుతుంది. అందుకే ఐదో వంతు సమయాన్ని ఊహించని పనుల కోసం ఖాళీగా అట్టేపెట్టాలి. 110లో 22 తీసేస్తే 88 మనిషి-రోజులు మిగులుతాయి. వారానికి దాదాపు ఏడు.

ఈ 88 అనే అంకెను జాబితా రాయబోయే కాగితం పైభాగాన పెద్దగా రాసి ఉంచండి. డబ్బుకూ ఇలాగే ఒక అంకె ఉండాలి. అయితే నేను చూసిన మేరకు చిన్న సంస్థల్లో డబ్బు కన్నా ముందు అయిపోయేది మనుషుల సమయమే, దాన్నే ఎవరూ లెక్కలో రాయరు.

రెండో అడుగు: పనులన్నీ ఒకే కాగితం మీదికి తీసుకురండి

పై అధికారి ఫోనులో చెప్పినది, వాట్సాప్ గ్రూపులో ఎవరో అడిగినది, కిందటి సమావేశం మినిట్స్‌లో ఉండిపోయినది, సగంలో ఆగినది, ఇవన్నీ ఒకే జాబితాలోకి రావాలి. ఇప్పటికే నడుస్తున్న పనులను కూడా తప్పక రాయాలి. కొత్తవాటిని మాత్రమే రాసుకుని, నడుస్తున్నవి ఎలాగూ నడుస్తాయి కదా అనుకుంటే లెక్క అక్కడే తప్పుతుంది. ఒక్కో పనికి మూడు వివరాలు చాలు: పని పూర్తయినట్టు దేన్ని చూసి తెలుస్తుంది, ఎన్ని మనిషి-రోజులు పడుతుంది, ఎవరు అడిగారు.

ఈ అడుగులో అందరూ వదిలేసే విషయం ఒకటుంది. నేను పనిచేసిన ఒక ఆసుపత్రిలో పనుల జాబితా 31 అంశాలతో ఉండేది, వాటిలో 19కి ఎర్రసిరాతో 'అత్యవసరం' అని రాసి ఉండేది. ఆపరేషన్ థియేటర్ పరికరాలను క్రిమిరహితం చేసే ఆటోక్లేవ్ తలుపు గ్యాస్కెట్ (ఆవిరి బయటికి పోకుండా ఆపే పట్టీ) మార్చడం అనే పని 27వ అంశంగా ఉండేది, దానికి ఎర్రసిరా లేదు. ఖరీదు కొన్ని వేల రూపాయలు. ఆ యంత్రం దగ్గర పనిచేసే టెక్నీషియన్ సమావేశాలకు రాడు, పిలిచినవాళ్లూ లేరు. తలుపు అంచు నుంచి ఆవిరి పోతుంటే గుడ్డ చుట్టి నెట్టుకొస్తున్నాడు. ఒక సోమవారం ఉదయం యంత్రంలో పీడనం నిలవలేదు. ఆ రోజుకు నిర్ణయించిన ఆపరేషన్లు వాయిదా పడ్డాయి, రాత్రి నుంచి ఏమీ తినకుండా ఉన్న రోగులను వెనక్కి పంపవలసి వచ్చింది. నేను కిందికి వెళ్లి అడిగితే అతను అన్నమాట ఇదీ: "మూడుసార్లు రాసిచ్చాను సార్. మళ్లీ అడిగితే విసుక్కుంటారేమోనని ఊరుకున్నాను." అడగందే అమ్మైనా పెట్టదంటారు గానీ, ఆసుపత్రి నడిపేవారు ఆ సామెతను అడ్డం పెట్టుకోకూడదు. అప్పటి నుంచి ఏ జాబితా కట్టినా సమావేశాలకు రానివాళ్ల దగ్గరికి, అంటే స్టోర్స్, లాండ్రీ, జనరేటర్ గది, రాత్రి డ్యూటీ సిస్టర్ల దగ్గరికి నేనే వెళ్లి 'మీ దగ్గర ఏది ఆగిపోతే ఆసుపత్రి ఆగిపోతుంది' అని అడిగి రాసుకోవడం అలవాటు చేసుకున్నాను. 'మీకు ఏం కావాలి' అని అడిగితే కోరికలు వస్తాయి. ఏది ఆగిపోతుందని అడిగితే ప్రమాదాలు బయటపడతాయి.

ఇలా అన్నీ రాసి కూడితే, మన ఉదాహరణలో మొత్తం 410 మనిషి-రోజులు వచ్చిందనుకుందాం. పైన రాసుకున్న అంకె 88. ఈ రెండు అంకెలను పక్కపక్కన చూపించగానే సమావేశంలో మాటల తీరు మారిపోవడం నేను చాలాసార్లు చూశాను. అప్పటిదాకా 'నా పని ఎందుకు చేయరు' అని అడిగినవారు 'అయితే ఏవి చేద్దాం' అని అడగడం మొదలుపెడతారు.

మూడో అడుగు: తప్పించుకోలేని వాటిని వేరు చేయండి

కొన్ని పనులకు బేరం లేదు. అగ్నిమాపక శాఖ ఎన్‌వోసీ గడువు, 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నిర్వహణ నియమాల కింద కాలుష్య నియంత్రణ మండలి నుంచి పొందాల్సిన అనుమతి, రోగి ప్రాణానికి నేరుగా సంబంధించిన మరమ్మతులు ఈ కోవకు చెందుతాయి. వీటికి మార్కులు వేయనక్కర్లేదు, వీటిని ఇతర పనులతో పోల్చనూ అక్కర్లేదు. గడువు నుంచి వెనక్కి లెక్కించి ఎప్పుడు మొదలుపెట్టాలో తేదీ వేయడమే మిగిలిన పని.

అయితే 'తప్పనిసరి' అనే గదికి తలుపు ఇరుకుగా ఉండాలి. 1994లో ఒరాకిల్ సంస్థలో పనిచేస్తున్న డై క్లెగ్ రూపొందించిన మాస్కో (MoSCoW) పద్ధతి పనులను నాలుగు గదుల్లో పెడుతుంది: తప్పనిసరి, ఉండవలసినవి, ఉంటే బాగుండేవి, ఈ విడతకు వద్దనుకున్నవి. ఆ పద్ధతిని తనలో కలుపుకున్న డీఎస్‌డీఎం అనే ప్రాజెక్టు నిర్వహణ విధానం, తప్పనిసరి పనులు మొత్తం శ్రమలో 60 శాతం దాటకూడదని సూచిస్తుంది. దాటితే ఏ ఒక్కటి ఆలస్యమైనా సర్దుకోవడానికి చోటుండదు. ఒక పని ఆ గదిలోకి రావాలంటే నేను అడిగే ప్రశ్న ఒకటే: ఈ మూడు నెలల్లో ఇది చేయకపోతే చట్టరీత్యా గానీ, ప్రాణరీత్యా గానీ సంస్థ నడవడం ఆగిపోతుందా? 'పేరు పోతుంది', 'డాక్టరుగారు బాధపడతారు' అనే జవాబులతో ఆ తలుపు తెరుచుకోదు.

ఖర్చును చూసి తప్పనిసరిని అంచనా వేయకూడదని ఆసుపత్రి మందుల స్టోర్ చక్కగా నేర్పుతుంది. అక్కడ మందులను రెండు రకాలుగా విడగొడతారు. ఏడాది ఖర్చును బట్టి ఏ, బీ, సీ అని ఒక విభజన. లేకపోతే ఏమవుతుందన్న దాన్ని బట్టి ప్రాణాధారం, అవసరం, వాంఛనీయం అని మరొకటి, దీన్నే వీఈడీ (వైటల్, ఎసెన్షియల్, డిజైరబుల్) అంటారు. అడ్రినలిన్ ఇంజెక్షన్ ఖర్చులో చిట్టచివర ఉంటుంది, ప్రాణాధారంలో మొదట ఉంటుంది. ఆ గ్యాస్కెట్ కూడా అటువంటిదే.

మన ఉదాహరణలో తప్పనిసరి పనులు 27 మనిషి-రోజులు తీసుకున్నాయనుకుంటే, 88లో మిగిలేది 61. వారానికి ఏడు చొప్పున అది సుమారు తొమ్మిది వారాల పని.

నాలుగో అడుగు: ఆలస్యానికి ఖరీదు కట్టండి

ఎక్కువ శ్రద్ధ పెట్టవలసినది ఇక్కడే. మిగిలిన పనులన్నీ మంచివే కాబట్టి 'దీనివల్ల లాభమెంత' అని మాత్రమే అడిగితే అన్నింటికీ పెద్ద జవాబులే వస్తాయి. 'ఇది ఒక వారం ఆలస్యమైతే ఎంత పోతుంది' అని అడగండి. ఆ జవాబును, పనికి పట్టే వారాలతో భాగించండి. వచ్చిన అంకె పెద్దదైన పని ముందుండాలి.

మూడు పనులు తీసుకుందాం. మొదటిది, ఆరోగ్యశ్రీ క్లెయిముల పత్రాలు సరిగా చేరేలా పద్ధతి సరిచేయడం. దీనికి రెండు వారాలు పడుతుంది, ఆలస్యమైన ప్రతి వారం తిరస్కరణలూ వడ్డీ కలిపి రూ.40 వేలు పోతాయి. రెండోది, మందుల స్టోర్ నిల్వలను కంప్యూటర్‌లోకి ఎక్కించడం. దీనికి ఆరు వారాలు, గడువు తీరే మందులూ అవసరం లేని కొనుగోళ్లూ కలిపి వారానికి రూ.60 వేలు నష్టం. మూడోది, ఓపీ టోకెన్ల ఏర్పాటు. దీనికి ఒక వారం, వెనుదిరిగిపోయే రోగుల వల్ల వారానికి రూ.15 వేలు నష్టం.

నష్టాన్ని మాత్రమే చూస్తే స్టోర్ పనే ముందుండాలనిపిస్తుంది. ఆ వరుసలో వెళితే స్టోర్ పని ఆరో వారం చివర, క్లెయిములు ఎనిమిదో వారం చివర, టోకెన్లు తొమ్మిదో వారం చివర పూర్తవుతాయి. ఒక్కో పని పూర్తయ్యేదాకా పోయే సొమ్ము రూ.3,60,000, రూ.3,20,000, రూ.1,35,000. కలిపితే రూ.8,15,000.

ఇప్పుడు భాగించి చూద్దాం. క్లెయిములకు 20 వేలు, టోకెన్లకు 15 వేలు, స్టోర్‌కు 10 వేలు వస్తుంది. ఈ వరుసలో క్లెయిములు రెండో వారం, టోకెన్లు మూడో వారం, స్టోర్ తొమ్మిదో వారం చివర పూర్తవుతాయి. నష్టం రూ.80,000, రూ.45,000, రూ.5,40,000. కలిపితే రూ.6,65,000. అదే మనుషులు, అవే పనులు, అవే తొమ్మిది వారాలు. వరుస మార్చినందుకే లక్షన్నర మిగిలింది.

అన్నింటినీ ఒకేసారి మొదలుపెట్టి సమయాన్ని సమానంగా పంచితే ఏమవుతుందో కూడా లెక్కించాలి, ఎందుకంటే నిజంగా జరిగేది ఎక్కువగా అదే. టోకెన్లు మూడో వారంలోనూ, క్లెయిములు ఐదో వారంలోనూ, స్టోర్ తొమ్మిదో వారంలోనూ పూర్తవుతాయి. నష్టం రూ.45,000, రూ.2,00,000, రూ.5,40,000, మొత్తం రూ.7,85,000. ముందుగా మొదలుపెట్టినంత మాత్రాన స్టోర్ పని ఒక్క రోజు కూడా ముందు పూర్తి కాలేదు, క్లెయిముల పని మాత్రం మూడు వారాలు వెనకపడింది. పైగా ఒక పని వదిలి ఇంకో పని అందుకునేటప్పుడు పోయే సమయాన్ని నేను ఈ లెక్కలో వేయనేలేదు. స్టోర్ అధికారికి 'మీ పని రేపే మొదలుపెడతాం' అని చెప్పడం కన్నా, ఈ లెక్క చూపించి 'మూడో వారం తరవాత మొదలవుతుంది, తొమ్మిదో వారానికి పూర్తవుతుంది' అని చెప్పడమే ఆయనకు మనమిచ్చే గౌరవం.

రూపాయల్లో చెప్పలేని నష్టాలుంటాయి. రోగి నొప్పికీ, సిబ్బంది అలసటకూ ధర కట్టలేం. అటువంటప్పుడు పనులను జతలుగా పోల్చి, 'ఈ రెంటిలో ఏది నెల ఆగితే ఎక్కువ బాధ' అని అడిగి 1, 2, 3, 5, 8 వంటి అంకెలు వేస్తే సరిపోతుంది. నాలుగైదు ప్రమాణాలకు బరువులు పెట్టి మార్కులు కూడే పట్టికలు వాడేవారు ఒక జాగ్రత్త తీసుకోవాలి. బరువులను కాస్త అటూ ఇటూ మార్చి చూడండి. పైన ఉన్న పనులు అలాగే ఉంటే ఆ వరుసను నమ్మవచ్చు. చిన్న మార్పుకే తలకిందులైతే ఆ పనులు దాదాపు సమానమని అర్థం, అప్పుడు చిన్నదాన్ని ముందు చేసేయండి.

ఐదో అడుగు: దారిలో అడ్డమేముందో చూడండి

వరుసలో మొదట ఉన్న పనిని ఈ రోజు మొదలుపెట్టగలమా అన్నది వేరే ప్రశ్న. 2016లో కేంద్ర ప్రభుత్వం, దేశమంతటా ఏళ్ల తరబడి నడుస్తున్న సాగునీటి పథకాలలో 99 ఎంచుకుని, 23, 31, 45గా మూడు వరుసల్లో పెట్టి, 2019 డిసెంబరు లోపు అన్నింటికీ గడువులు వేసింది. నాబార్డు ద్వారా నిధులకూ దారి చూపింది. అన్నింటినీ ఒకేసారి లాగడం కన్నా అలా ఎంచుకోవడం ఎంతో మేలైన నిర్ణయం. అయినా వాటిలో చాలావాటికి గడువు దాటిపోయింది. కాలువల విషయంలో అడ్డుపడేది తరచుగా డబ్బు కాదు, భూసేకరణ, అటవీ అనుమతులు, రైల్వే లైను కింద నుంచి కాలువ తీసుకెళ్లే దాటు.

కాబట్టి ప్రతి పనికీ ఎదురుగా 'ఇది ఎవరి చేతిలో ఆగుతుంది' అనే గడి ఒకటి పెట్టండి. జవాబు సంస్థ బయట ఉంటే, ఆ అనుమతి కోసం దరఖాస్తు చేయడాన్ని వేరే పనిగా విడగొట్టి ముందుకు జరపాలి. దరఖాస్తుకు ఒక రోజు పడుతుంది, జవాబుకు మూడు నెలలు పడుతుంది. ఆ ఒక రోజును ఈ వారమే ఖర్చు పెడితే మూడు నెలలు కలిసొస్తాయి. లోపలి అడ్డం అయితే, అది ఎక్కువగా ఒక్క మనిషి దగ్గరే ఉంటుంది. మన ఆసుపత్రిలో స్టోర్ పనికీ, క్లెయిముల పనికీ, టోకెన్లకూ కంప్యూటర్ తెలిసినవాడు ఒక్కడే అయితే, ఆసుపత్రి సామర్థ్యం 88 రోజులు కాదు, అతని వంతు రోజులే. అతని దగ్గరున్న వేరే పనులు తీసి మరొకరికి ఇవ్వడం అన్నింటికన్నా ముందు చేయవలసిన పని అవుతుంది.

ఆరో అడుగు: చివరిమాట ఒకరిదే కావాలి

అందరినీ కూర్చోబెట్టి ఓటు వేయిద్దామనిపిస్తుంది. ముగ్గురిని అడిగి చూద్దాం. అకౌంట్స్ అధికారి వరుస: క్లెయిములు, స్టోర్, టోకెన్లు. స్టోర్ అధికారి వరుస: స్టోర్, టోకెన్లు, క్లెయిములు. మేట్రన్ వరుస: టోకెన్లు, క్లెయిములు, స్టోర్. స్టోర్ కన్నా క్లెయిములు ముందని ఇద్దరంటారు. టోకెన్ల కన్నా స్టోర్ ముందని ఇద్దరంటారు. క్లెయిముల కన్నా టోకెన్లు ముందని కూడా ఇద్దరంటారు. ముగ్గురూ తెలివిగానే ఆలోచించారు, మెజారిటీ మాత్రం గానుగెద్దులా గుండ్రంగా తిరుగుతోంది. ఈ చిక్కును ఫ్రెంచి గణితవేత్త కాండోర్సే 1785లోనే చూపించాడు. మూడు లేదా అంతకన్నా ఎక్కువ ప్రత్యామ్నాయాలున్నప్పుడు, మనం సహజంగా కోరుకునే న్యాయమైన షరతులన్నింటినీ తీరుస్తూ వ్యక్తుల వరుసల నుంచి సమష్టి వరుసను రాబట్టే పద్ధతి ఏదీ ఉండదని 1951లో అమెరికా ఆర్థికవేత్త కెనెత్ ఆరో (Arrow) నిరూపించాడు.

అందువల్ల సమాచారం అందరి దగ్గరా తీసుకోవాలి, అభ్యంతరాలు అందరివీ వినాలి, వరుస మాత్రం పేరున్న ఒక మనిషి తేల్చి సంతకం పెట్టాలి. ఆ మనిషి కారణాలు కూడా రాతలో పెట్టాలి. ప్రతి పనికీ బాధ్యుడు కూడా ఒక్కరే ఉండాలి. 'స్టోర్స్ విభాగం, ఐటీ విభాగం, అకౌంట్స్ విభాగం సంయుక్తంగా' అని రాసిన పని ఎప్పటికీ కదలదు. పదిమందిలో పాము చావదని పెద్దలు ఊరికే అనలేదు.

ఏడో అడుగు: గీత గీయండి, గీత కింద పడినవాళ్లకు చెప్పండి

వరుసలో పై నుంచి మనిషి-రోజులు కూడుకుంటూ రండి. 88 ఎక్కడ నిండుతుందో అక్కడ అడ్డంగా గీత గీయండి. మన ఉదాహరణలో తప్పనిసరి పనులకు 27, ఆ మూడు పనులకు 61 పోగా నిండిపోయింది. డయాలసిస్ విభాగం, వెయిటింగ్ హాలు కుర్చీలు, కొత్త లిఫ్టు, అన్నీ గీత కింద ఉన్నాయి.

గీత గీయడం కన్నా కష్టం, కింద పడినవారికి ఆ మాట చెప్పడం. చాలామంది అధికారులు ఇక్కడ 'చూద్దాం', 'ప్రయత్నిద్దాం' అంటారు. ఆ మాట విన్నవాడు ఆశతో మూడు నెలలు ఎదురుచూస్తాడు, తన ఏర్పాట్లు తాను చేసుకోడు. దానికన్నా రాతపూర్వకంగా ఇలా చెప్పడం మంచిది: "డయాలసిస్ విభాగం గురించి మీరిచ్చిన ప్రతిపాదన చదివాను. సెప్టెంబరు నెలాఖరు వరకు దీన్ని చేపట్టలేము. ఈ మూడు నెలలకు మన దగ్గరున్న సమయం 88 మనిషి-రోజులు, అది జతచేసిన జాబితాలోని పనులకు సరిపోయింది. అక్టోబరు మొదటి వారంలో మళ్లీ పరిశీలిస్తాము. ఈలోగా నీటి శుద్ధి యూనిట్‌కు కొటేషన్లు మీరు తెప్పించి ఉంచితే అప్పటికి నిర్ణయం సులువవుతుంది. మా లెక్కలో పొరపాటు ఉందని మీకు అనిపిస్తే దయచేసి చెప్పండి." తేదీ, కారణం, ఈలోగా చేయగలిగినది, అభ్యంతరానికి దారి, నాలుగూ ఉన్న ఉత్తరం అందుకున్నవారు నాతో గొడవపడిన సందర్భాలు చాలా తక్కువ.

ఎనిమిదో అడుగు: ఒకేసారి నడిచే పనులకు హద్దు పెట్టండి

గీత పైన ఉన్నవన్నీ ఒకే రోజున మొదలుపెట్టకూడదు. 1961లో జాన్ లిటిల్ నిరూపించిన సూత్రం ఒకటి ఇక్కడ నేరుగా పనికొస్తుంది. ఒక్కో పని పూర్తి కావడానికి పట్టే సగటు సమయం, నడుస్తున్న పనుల సగటు సంఖ్యను, పనులు పూర్తయ్యే వేగంతో భాగిస్తే వస్తుంది. నెలకు రెండు పనులు పూర్తిచేసే బృందం చేతిలో పన్నెండు ఉంటే ఒక్కోదానికి సగటున ఆరు నెలలు. నాలుగే ఉంటే రెండు నెలలు. వేగం పెంచడానికి కొత్త మనుషులు కావాలి, చేతిలోని పనులు తగ్గించడానికి ఒక నిర్ణయం చాలు. ఒక్కో మనిషికి ఒకే పని, మహా అయితే రెండు. ఒకటి పూర్తయి పక్కకు వెళ్లాకే తరవాతిది లోపలికి రావాలి. గోడ మీద తెల్లబోర్డుపై 'ఆగి ఉన్నవి, నడుస్తున్నవి, అయిపోయినవి' అని మూడు నిలువు గడులు గీసి, నడిచే గడిలో నాలుగు చీటీలకే చోటుంచితే ఇది ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు.

తొమ్మిదో అడుగు: నెలకోసారి మళ్లీ చూడండి

వరుస మారకూడదన్న నియమం లేదు, ఎలా మారాలో మాత్రం నియమం ఉండాలి. ఇంకా మొదలుకాని పనుల క్రమాన్ని నెలవారీ సమీక్షలో ఎంతైనా మార్చవచ్చు. మొదలైన పనిని ప్రాణాపాయం, చట్టపరమైన గడువు తప్ప మరే కారణానికీ మధ్యలో ఆపకూడదు. నడుమ కొత్త పని రావాలంటే, అడిగినవారే దానికి సరిపడా రోజులున్న పనిని గీత కిందికి దించమని చూపించాలి. యజమాని అడిగినా ఇదే నియమం. నేను యాజమాన్యానికి ఎప్పుడూ 'కుదరదు' అని చెప్పలేదు. బోర్డు దగ్గరికి తీసుకెళ్లి 'వీటిలో ఏది దించమంటారు సార్' అని అడిగేవాణ్ని. సగం సార్లు కొత్త పనే ఆగేది.

సగంలో ఉన్న పనిని కొనసాగించాలా వద్దా అన్నప్పుడు ఇంతవరకు పెట్టిన ఖర్చును లెక్కలోకి తీసుకోకండి. ఇంకా ఎంత పెట్టాలి, పెడితే ఎంత వస్తుంది, ఈ రెండే చూడండి. ఈ లెక్కలో తొంభై శాతం పూర్తయిన పని చాలాసార్లు వరుసలో పైకి వస్తుంది, ఎందుకంటే మిగిలిన ఖర్చు కొద్ది, దొరికే ఫలితం మొత్తం. పదిశాతం దగ్గర ఆగి, రెండేళ్లుగా అడిగే దిక్కులేని పని అదే లెక్కతో కిందికి పోతుంది.

సమీక్షలో అంచనాలను కూడా సరిచూడాలి. పది రోజులనుకున్న పనికి పదహారు పట్టిందని రాసుకుంటే, వచ్చే మూడు నెలలకు మీ 88 ఎంత నిజమో తెలుస్తుంది. మొదటి రెండు విడతల్లో నా అంచనాలు ఎప్పుడూ తక్కువే వచ్చేవి, మూడో విడత నుంచి దగ్గరపడేవి.

ఇక గీత కింద వరుసగా మూడు త్రైమాసికాలు ఉండిపోయిన పనులు. వాటిని జాబితాలోనే ఉంచి ప్రతి నెలా చదవడం అందరి సమయాన్నీ తింటుంది. నాలుగో సమీక్షకు ముందు, ఆ పని అడిగిన మనిషిని పిలిచి, ఇంకా అవసరమేనా అని అడగండి. అవసరమే అంటే కొత్త కారణాలతో, కొత్త అంచనాతో మళ్లీ రాసివ్వమనండి. లేదంటే ఆయన ఎదురుగానే ఆ పనిని జాబితా నుంచి కొట్టేసి, తేదీ వేసి, ఇద్దరూ సంతకం చేయండి.